జామ్ విడిపోయాక

సంక్రాంతికి మూడు రోజుల ముందు ఏ న్యూస్ చానల్ పెట్టినా ఒకటే దృశ్యం. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా, దాని ముందు కనుచూపు మేరా కార్లు, విజయవాడ వైపు అదనంగా తెరిచిన గేట్లు, డ్రోన్ కెమెరాతో పైనుంచి తీసిన షాట్లు. పండగ వెళ్లిన నాలుగైదు రోజులకి పత్రికల జిల్లా పేజీల్లో ఇంకో రకం వార్త వస్తుంది: తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు, ఒకే కుటుంబంలో ఇంతమంది మృతి. ఈ రెండు వార్తల్నీ జతచేసి, రద్దీ పెరిగింది కాబట్టి ప్రమాదాలూ పెరిగాయని తేల్చేస్తాం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లారీని ఢీకొన్న ఆ కారు జామ్‌లో లేదు. జామ్‌లో ఉన్న కారు గంటకి పది కిలోమీటర్లు కూడా కదలదు. బంపర్ నలుగుతుంది, డ్రైవర్లు దిగి తిట్టుకుంటారు, అంతటితో సరి. పండగ సెలవులకీ రోడ్డు మరణాలకీ లంకె ఉన్న మాట నిజం. అది ఎక్కడుందో వెతకడంలోనే పొరబడుతున్నాం. జామ్ విడిపోయి రోడ్డు ఖాళీ అయ్యాక, రాత్రి బాగా పొద్దుపోయాక, ఊరు చేరి బండి తాళాలు చేతులు మారాక మొదలయ్యే ప్రమాదం అది. పైగా అది పండగ కొత్తగా తెచ్చిపెట్టిందేమీ కాదు, ఏడాది పొడవునా మన రోడ్ల మీద ఉన్నదే. ఇందుకు ఆధారాలు మన దగ్గరా ఉన్నాయి, బయటా ఉన్నాయి.

సెలవు రోజుల మరణాల్ని అందరికంటే ఓపిగ్గా లెక్కపెట్టింది అమెరికా వాళ్లు. ప్రాణాలు తీసిన ప్రతి రోడ్డు ప్రమాదాన్నీ 1975 నుంచి తేదీ, గంటతో సహా ఒకే జాతీయ పట్టికలోకి ఎక్కిస్తున్నారు. ఆ పట్టికలోంచి 1986–2002 మధ్య పదిహేడేళ్ల మరణాల్ని రోజువారీగా విడదీసి చూసిన ఒక అధ్యయనంలో సగటు రోజుకి 117 మంది చనిపోగా, వాళ్ల స్వాతంత్ర్య దినమైన జులై 4న సగటున 161 మంది చనిపోయినట్టు తేలింది. అంటే 38 శాతం ఎక్కువ. ముందు రోజు జులై 3న 149. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు తేదీ, జనవరి 1 కూడా పైవరుసలోనే ఉన్నాయి. ఇంతవరకు అందరూ అనుకునేదే. అయితే అదే మొదటి పది తేదీల్లో ఆగస్టు మొదటి రెండు వారాలవీ కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో అమెరికాలో పండగా లేదు, పబ్బమూ లేదు. ఉన్నదల్లా వేసవి: పొడి రోడ్లు, దూర ప్రయాణాలు, స్వేచ్ఛగా తొక్కే యాక్సిలరేటర్. జనవరి 1 కథ వేరు. ఆ రోజు జనం పెద్దగా ప్రయాణాలు చేయరు. అయినా మరణాల్లో దాదాపు సగం, పరిమితి మించి తాగినవాళ్లతో ముడిపడినవి. పాదచారులు ఎక్కువగా చనిపోయే రోజుల్లోనూ అదే ముందుంటుంది. కాబట్టి 'సెలవు రోజు' అని ఒకే గాటన కట్టేసిన దాంట్లో కనీసం రెండు రకాలున్నాయి. జనం దూరం పోయే సెలవు ఒకటి, జనం తాగే సెలవు ఒకటి. రెండూ కలిసిన సెలవు జులై 4. అందుకే అది అన్నిటికంటే పైన ఉంది.

ఇలాంటి లెక్కల్ని గుడ్డిగా నమ్మకూడదని చెప్పే ఉదాహరణ కూడా అమెరికాదే. ఏప్రిల్ 20న అక్కడ గంజాయి ప్రియులు అనధికారికంగా ఒక వేడుక చేసుకుంటారు. ఆ సాయంత్రం ప్రాణాంతక ప్రమాదాలు 12 శాతం పెరుగుతున్నాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది, పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది. మరుసటి ఏడాదే ఇంకో ఇద్దరు పరిశోధకులు అదే లెక్కని, పోల్చే రోజుల్ని మార్చి, ఎక్కువ రోజులతో సరిచూశారు. ఏప్రిల్ 20 పెరుగుదల మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోయింది. జులై 4 మాత్రం ఎలా కొలిచినా ఎత్తుగానే నిలబడింది. ఒక పండగ రోజున ఇంతమంది పోయారని చెబితే సరిపోదని దీన్నిబట్టి తెలుస్తుంది. అదే వారం, అదే ఋతువు, అదే వాతావరణంలో పండగ లేకపోతే ఎంతమంది పోయేవారో పక్కన పెట్టి చూపాలి. మన పండగ వార్తల్లో ఆ రెండో అంకె ఎన్నడూ ఉండదు.

రెండో అంకె లేకపోతే ఏమవుతుందో చూడాలంటే థాయ్‌లాండ్ వెళ్లాలి. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే ఏప్రిల్ నడుమ వాళ్లకి సోంగ్‌క్రాన్, అంటే కొత్త సంవత్సరం. బ్యాంకాక్ సగం ఖాళీ అయి జనం సొంత ఊళ్ల దారి పడతారు, మన హైదరాబాద్ సంక్రాంతికి ఖాళీ అయినట్టే. ఆ వారానికీ, జనవరి 1 చుట్టూ ఉన్న వారానికీ అక్కడి ప్రభుత్వం పెట్టిన పేరు 'ఏడు ప్రమాదకర దినాలు'. రోజూ పొద్దున్నే అధికారులు మైకుల ముందు కూర్చుని నిన్నటి మృతుల సంఖ్య, ఏ ప్రావిన్స్ ముందుంది, ఎంతమంది తాగి దొరికారు అన్నీ చదువుతారు. అలా చదివిన లెక్కల ప్రకారం సోంగ్‌క్రాన్ వారంలో 2016లో 442 మంది, 2017లో 390, 2018లో 418, 2019లో 386 మంది చనిపోయారు. ఒళ్లు జలదరించే అంకెలే. రోజుకి సుమారు 55 నుంచి 63 మంది. ఇప్పుడు రెండో అంకె చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2016లో థాయ్‌లాండ్ మొత్తం రోడ్డు మరణాలు 22,491. రోజుకి 61. అంటే 'ప్రమాదకర దినాల'కీ, ఏ పేరూ లేని మిగతా రోజులకీ మధ్య పైకి కనిపించే తేడా దాదాపు శూన్యం.

దీన్ని పట్టుకుని పండగ ప్రమాదమే లేదని తేల్చేస్తే అదీ తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గాయపడిన 30 రోజుల్లోపు ఆసుపత్రిలో పోయినవాళ్లూ ఉంటారు, నమోదు కాని మరణాలకి వేసిన అంచనా కూడా కలుస్తుంది. పండగ లెక్క ఆ ఏడు రోజులు ముగియగానే మూతపడుతుంది. రెంటినీ ఒకే గజంతో కొలిస్తే పండగ వారం కొంత ఎత్తుగానే తేలుతుంది. అయినా ఆ ఎత్తు జనం ఊహించుకునే ఎత్తు కాదు. థాయ్ నివేదికల్లో నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది లోపలి వివరం. ప్రమాదాల్లో పదింట ఎనిమిది మోటార్‌సైకిళ్లవి. ఎక్కువ భాగం మలుపుల్లో కాదు, తిన్నని రోడ్డు మీద. కారణాల్లో ఒకప్పుడు మద్యం ముందుండేది, ఇటీవలి ఏళ్లలో అతివేగం దాన్ని దాటింది. ఆ దేశంలో ఏడాది పొడవునా ప్రాణాలు తీసేవి కూడా ఇవే. పండగ వారం వాటి చిరునామా మార్చదు.

మన సంగతికి వద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా వెలువరించే నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే 15,800 పైచిలుకు, అంటే పండగ ఉన్నా లేకపోయినా రోజుకి 43 మంది. ఆ నివేదికలో నెలవారీ పట్టిక ఉంది, గంటలవారీ పట్టిక ఉంది, పండగలవారీ పట్టిక మాత్రం లేదు. పెట్టడమూ తేలిక కాదు. దసరా, దీపావళి, ఉగాది తిథుల్ని బట్టి కదులుతాయి. ఒక ఏడాది సెప్టెంబరులో మొదలైన నవరాత్రులు ఇంకో ఏడాది పూర్తిగా అక్టోబరులోకి పోతాయి. సంక్రాంతి ఒక్కటే తారీఖుకి కట్టుబడిన పండగ కాబట్టి లెక్కకి అనువైనది. కానీ అది జనవరిలో వస్తుంది, నల్గొండ, సూర్యాపేట మీదుగా పొగమంచు కమ్మే రోజుల్లో. పండగకి పోయిన ప్రాణమేదో, మంచుకి పోయిన ప్రాణమేదో విడదీయాలంటే పండగ లేని జనవరి వారాలతో పోల్చాలి. నెలవారీ పట్టికలో చాలా ఏళ్లుగా పైవరుసలో కనిపించేవి మే, జూన్. అవి బడి సెలవులు, పెళ్లి ముహూర్తాలు, తీర్థయాత్రలు కలిసొచ్చే నెలలు. మన అసలైన 'సెలవు కాలం' సంక్రాంతి కంటే పెద్దది, దానికి డ్రోన్ కెమెరాలు లేవంతే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇది ఊహ మీద కట్టిన లెక్క అని ముందే చెబుతున్నాను. రెండు రాష్ట్రాల్లో ఏడాదికి పదిహేను 'పండగ ప్రయాణ దినాలు' ఉన్నాయనుకుందాం. వాటిలో ప్రతి రోజూ అమెరికా జులై 4లాగే మరణాలు 38 శాతం పెరుగుతాయనుకుందాం. ఆ పదిహేను రోజుల్లో అదనంగా పోయే ప్రాణాలు సుమారు 245. అందులో ప్రతి ఒక్కటీ ఒక ఇంటి దీపమే, కాదనను. కానీ ఏడాది మొత్తంలో అది ఒకటిన్నర శాతం. పండగ ప్రమాదాన్ని ఏదో మంత్రం వేసి పూర్తిగా మాయం చేసినా నూటికి తొంభై ఎనిమిది మరణాలు అలాగే ఉంటాయి. పండగ బందోబస్తు మీద పెట్టే శ్రద్ధకీ మామూలు మంగళవారం మీద పెట్టే శ్రద్ధకీ ఉన్న దూరాన్ని ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. బండ్లు రెట్టింపైతే ప్రమాదాలూ పెరుగుతాయి, ఇందులో ఇంత తవ్వాల్సిందేముంది అని. బండ్ల సంఖ్యకీ చావుల సంఖ్యకీ ఆ తిన్నని సంబంధం లేదని 2020 కళ్లకి కట్టింది. లాక్‌డౌన్ల వల్ల మన రోడ్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నాయి. ప్రమాదాలు 2019లో 4,49,002 ఉంటే 2020లో 3,66,138కి పడిపోయాయి, అంటే 18 శాతం పైగా తగ్గుదల. మరణాలు మాత్రం 1,51,113 నుంచి 1,31,714కి, 13 శాతం కూడా తగ్గలేదు. నూరు ప్రమాదాలకి 33.7 మంది పోయేవాళ్లు కాస్తా 36 మంది అయ్యారు. అమెరికాలో ఇంకా విడ్డూరం. జనం నడిపిన మొత్తం దూరం పది శాతానికి పైగా తగ్గినా, మరణాలు 36 వేల పైచిలుకు నుంచి సుమారు 39 వేలకి పెరిగాయి. రోడ్డు ఖాళీ అయితే వేగం పెరుగుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం పెరుగుతాయన్నది రోడ్డు భద్రతా శాస్త్రంలో చాలాకాలంగా నిలిచిన సూత్రం. గంటకి 80తో పోయే కారు 100 అందుకుంటే ప్రాణాపాయం రెండింతలు దాటుతుందన్నమాట. పంతంగి దగ్గర గంటన్నర ఇరుక్కుని, ఆ గంటన్నరని ఎలాగైనా రాబట్టుకోవాలని నకిరేకల్ దాటాక యాక్సిలరేటర్ మీద కాలు బిగించే కారులో జరిగేది సరిగ్గా ఇదే. జామ్ నేరుగా చంపదు గానీ, వెనక ఉండి ఉసిగొల్పుతుంది.

ఆ కారులోకి ఇంకొంచెం తొంగి చూద్దాం. భోగికి ముందు రోజు ఉదయం ఆరింటికి లేచిన ఉద్యోగి సాయంత్రం దాకా పనిచేసి, సామాను సర్ది, పిల్లల్ని ఎక్కించి రాత్రి ఎనిమిదికి ఎల్‌బీ నగర్ దాటాడనుకుందాం. సూర్యాపేట వచ్చేసరికి రాత్రి పదకొండు, జామ్ ఉంటే పన్నెండు. అప్పటికి అతను మేలుకుని పదిహేడు గంటలు దాటింది. వరసగా పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతి-కంటి సమన్వయం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన పరిమితి 30 మిల్లీగ్రాములు. చుక్క ముట్టని ఆ పెద్దమనిషి సూర్యాపేట దగ్గరే చట్టం గీసిన గీతకి అవతలివైపు ఉన్నాడు. పోవాల్సింది కోనసీమకి, ఇంకా సగం దారి కూడా కాలేదు. ఏ బ్రీత్ ఎనలైజరూ అతన్ని పట్టుకోదు. విజయవాడ దాటి ఏలూరు వైపు సాగేసరికి తెల్లవారుజాము మూడు. మనిషి ఒంట్లో మెలకువ అడుగంటే వేళ అది.

అదే వేళకి రోడ్డు పక్కన, తరచూ రోడ్డు మీదే, లారీ ఆగి ఉంటుంది. టైరు పంచరై ఉండొచ్చు, డ్రైవర్ నిద్రకి ఆపుకుని ఉండొచ్చు, దాబా ముందు చోటు లేక ఎడమ లేన్‌లోనే నిలిపి ఉండొచ్చు. వెనక రేడియం స్టిక్కర్లు బురద పట్టి ఉంటాయి, పార్కింగ్ లైట్లు వెలగవు, హెచ్చరిక కోన్లు ఉండవు, మహా అయితే రోడ్డు మీద నాలుగు రాళ్లూ ఒక చెట్టుకొమ్మా. గంటకి 100 మీద వచ్చే కారు హెడ్‌లైట్ వెలుగులో ఆ లారీ కనిపించడానికీ గుద్దుకోవడానికీ మధ్య మిగిలేది రెండు మూడు సెకన్లు. డ్రైవర్ రెప్ప వాలితే అవీ ఉండవు. ఈ రకం మరణానికి పండగతో పనిలేదు. లారీ ఏడాదంతా అక్కడే ఆగుతుంది. పండగ చేసేదల్లా, ఆ చీకట్లోకి దూరప్రయాణం అలవాటు లేని డ్రైవర్లని, అలసిపోయినవాళ్లని, కుటుంబాలతో సహా ఒకేసారి పంపడం. జాతీయ రహదారులు దేశం మొత్తం రోడ్ల పొడవులో రెండు శాతం కాగా, 2022 మరణాల్లో 36 శాతం వాటి మీదే జరిగాయన్న అంకె వెనక ఈ లారీల పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

తెలుగువాళ్ల జ్ఞాపకంలో పండగతో ముడిపడిపోయిన రెండు ఘోరాలు బెంగళూరు రహదారి మీదివి. 2013 అక్టోబరు 30న, దీపావళికి నాలుగు రోజుల ముందు, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుని గుద్దుకుని తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న, దీపావళి వెళ్లిన నాలుగో రోజున, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ని ఈడ్చుకుపోగా మంటలు లేచి సుమారు ఇరవై మంది ఆహుతయ్యారు. ఆ బైక్ నడిపిన వ్యక్తి అప్పటికే డివైడర్‌ని ఢీకొని చనిపోయాడని, తాగి ఉన్నాడని పోలీసులు తేల్చారు. రెండు సంఘటనలకీ మధ్య పన్నెండేళ్లు. రహదారి ఒకటే, బండి రకం ఒకటే, తెల్లవారకముందు వేళ ఒకటే, నిప్పు అంటుకున్నాక బయటపడే దారి దొరకని స్థితి ఒకటే. దీపావళిని తీసేసినా వీటిలో ఏదీ మారదు. ఆ దారిలో ఇలాంటి బస్సులు ప్రతి శుక్రవారం రాత్రీ బారులు తీరతాయి. పండగ ముందు రోజు రవాణా శాఖ వాళ్లు చేసే తనిఖీల్లో పర్మిట్లు, పన్ను రసీదులు చూస్తారు. మంట లేస్తే లోపలి మనిషి ఎన్ని సెకన్లలో బయటపడగలడో చూసే తనిఖీ ఇంకా రావాల్సే ఉంది.

జాతీయ రహదారుల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నా, మరణాల్లో ఎక్కువ భాగం అక్కడ లేవు. 2022లో చనిపోయినవారిలో మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాల్లోనే పోయారు. 44.5 శాతం మంది ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే వేళ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50 వేల మంది. ఈ అంకెల్ని పండగ ఊరికి తెచ్చి చూస్తే బొమ్మ స్పష్టమవుతుంది. నగరం నుంచి క్షేమంగా చేరిన కారు అరుగు పక్కన ఆగిపోతుంది. ఆ మూడు రోజులూ తిరుగుళ్లన్నీ బావ బండి మీదో బాబాయి కొడుకు బండి మీదో. ముగ్గురు ఎక్కుతారు, హెల్మెట్ ఇంట్లో ఉంటుంది, కోడిపందేల బరి దగ్గర చీకటి పడుతుంది, ఒకరిద్దరు పుచ్చుకుని ఉంటారు, వచ్చే దారిలో ధాన్యం ట్రాక్టరుకి వెనక లైటు ఉండదు. ఈ ప్రమాదం టోల్‌ప్లాజా కెమెరాకి దొరకదు. మరుసటి రోజు పేపర్లో రెండు వాక్యాల వార్త అవుతుంది. పండగ మరణాల్ని ఎవరైనా సరిగ్గా లెక్కగడితే ఆ రెండు వాక్యాల వార్తలే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి వార్తల కంటే ఎక్కువ తేలతాయని నా నమ్మకం.

మద్యం దగ్గర ఒక గట్టి అభ్యంతరం ఉంది. అధికారిక లెక్కల్లో తాగి నడపడం వల్ల జరిగిన మరణాలు 2.5 శాతం మించవు, అతివేగం వాటా 71 శాతం. అలాంటప్పుడు మందు సంగతి ఇంత పెద్దది చేయడమెందుకని. ఆ 71 శాతాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను. ప్రమాద స్థలంలో కానిస్టేబుల్ నింపే పత్రంలో కారణం అన్న గడి దగ్గర 'అతివేగం, అజాగ్రత్త' అని రాయడం ఆనవాయితీ. చనిపోయిన డ్రైవర్ రక్తాన్ని ప్రతిసారీ ల్యాబుకి పంపే ఏర్పాటు లేదు. తాగినవాడు వేగంగానే పోతాడు, నిద్రమత్తులో ఉన్నవాడు బ్రేక్ వేయలేడు; రెండూ అతివేగం గడిలోనే పడతాయి. అమెరికాలో మొత్తం మరణాల్లో దాదాపు మూడో వంతు మద్యంతో ముడిపడి ఉండగా మన దగ్గర రెండున్నర శాతమే ఉండడం మన నిగ్రహానికి గుర్తని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవాలి.

మరి పండగ బందోబస్తు పనికిరాదా? థాయ్‌లాండ్ అంకెలే దీనికి ఎదురు సాక్ష్యం చెబుతాయి. సోంగ్‌క్రాన్ వారం మరణాలు 2016లో 442 ఉండగా 2023లో 264కి, 2025లో 253కి దిగాయి. ఏడాది మొత్తం మరణాలు కూడా తగ్గాయి గానీ ఇంతగా కాదు. కాబట్టి ఆ రోజువారీ మైకులూ చెక్‌పోస్టులూ వృథా అనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో డిసెంబరు 31 రాత్రి చేసేదాన్లోనూ తెలివి ఉంది. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలతో ఆగకుండా ఫ్లైఓవర్లు మూసేస్తారు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి కార్లని రానివ్వరు, విమానం టికెట్ ఉన్నవాళ్లకి తప్ప. తాగినవాడికి వేగం దొరికే చోటుని లేకుండా చేయడం అది. ప్రమాదం ఎలా పుడుతుందో తెలిసి వేసిన ఎత్తు. దాని లోపం ఒక్కటే, జనవరి 1 తెల్లారేసరికి ముగిసిపోతుంది.

ముగియకుండా కొనసాగించినవాళ్లకి దక్కిన ఫలితం ఆస్ట్రేలియాలో ఉంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1982 డిసెంబరు 17న, క్రిస్మస్ వారం ముందు, ఎవరినైనా ఎక్కడైనా ఆపి ఊదించే తనిఖీ మొదలుపెట్టింది. పండగ కోసం పెట్టినట్టే కనిపించింది. కానీ జనవరిలో ఆపలేదు, మార్చిలో ఆపలేదు. మరుసటి ఏడాదికే రోడ్డు మరణాలు ఐదో వంతుకు పైగా తగ్గాయి. మూడేళ్ల ప్రయోగంగా మొదలైంది శాశ్వతమైపోయింది. సెలవు వారాంతాల్లో అతివేగానికి, సీటు బెల్టు లేనందుకు, హెల్మెట్ లేనందుకు లైసెన్సు మీద రెట్టింపు పాయింట్లు వేసే పద్ధతి కూడా అక్కడ 1990ల నుంచి ఉంది. ఆ రెట్టింపు పనిచేయడానికి కారణం, మామూలు రోజున పడే ఒక్క పాయింటుకీ అక్కడి డ్రైవర్ భయపడడం. మన దగ్గర మామూలు రోజున పడేది సున్నా. సున్నాని రెట్టింపు చేస్తే వచ్చేది సున్నాయే.

ఇంకో విధాన నిర్ణయం గురించి ఎవరూ రోడ్డు భద్రత కోణంలో మాట్లాడరు. అది బస్సు చార్జీ. 2025 సంక్రాంతికి తెలంగాణ ఆర్టీసీ 6,432, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 7,200 ప్రత్యేక బస్సులు ప్రకటించాయి. మెచ్చుకోదగ్గ ఏర్పాటు. అయితే తెలంగాణలో ఈ ప్రత్యేక బస్సులకి మామూలు చార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేయొచ్చని 2003 నాటి 16వ నంబరు జీవో చెబుతోంది. ఆర్టీసీ వాదనలో న్యాయం లేకపోలేదు: పండక్కి ముందు ఊళ్లకి నిండుగా పోయే బస్సు హైదరాబాద్‌కి ఖాళీగా తిరిగొస్తుంది, ఆ డీజిల్ ఖర్చు ఎవరు భరించాలి? ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి, ప్రయాణికుడు కాదు అన్నది నా సమాధానం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం ఒకటిన్నర రెట్ల టికెట్లు నాలుగు లెక్కేసుకుంటే కారు అద్దె తేలిగ్గా కనిపిస్తుంది. డబ్బు ఇంకా తక్కువ ఉన్నవాడు భార్యనీ బిడ్డనీ ఎక్కించుకుని బైక్ మీదే రెండు వందల కిలోమీటర్లు బయలుదేరతాడు. దేశంలో రోడ్డు మీద పోయేవారిలో బైకుల వాటా పక్కన బస్సు ప్రయాణికుల వాటా చాలా చిన్నది. జనాన్ని భద్రమైన సీటు నుంచి ప్రమాదకరమైన సీటుకి నెట్టే ధర పండగ రోజునే అమల్లో ఉండడం కంటే విచిత్రం ఏముంటుంది? టోల్ ఎత్తేయాలన్న డిమాండ్ మాత్రం గట్టిగానే వినిపిస్తుంది. చైనా 2012 నుంచి పెద్ద సెలవుల్లో చిన్న కార్లకి ఎక్స్‌ప్రెస్‌వే టోల్ ఎత్తేసింది. దాంతో అక్కడ కార్లు ఇంకా పోటెత్తాయి. రాయితీ ఇవ్వాలనుకుంటే ఇవ్వాల్సింది బస్సు టికెట్ మీద.

లెక్కలు బయటపెట్టడానికి ఇప్పుడు సాకు కూడా లేదు. మద్రాసు ఐఐటీ, ఎన్‌ఐసీ కలిసి కట్టిన సమగ్ర రోడ్డు ప్రమాదాల డేటాబేస్‌లోకి పోలీసులు ఘటనా స్థలం నుంచే తేదీ, గంట, చోటు, ఫొటోలు ఎక్కిస్తున్నారు. సంక్రాంతికి ముందు పది రోజులు, తర్వాత పది రోజులు, అదే జనవరిలో పండగ లేని వారం. ఈ మూడింటినీ గంటలవారీగా, జిల్లాలవారీగా పక్కపక్కన పెట్టి రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు ఫిబ్రవరిలో ప్రజల ముందు ఉంచొచ్చు. టోల్ గేట్ల ఫాస్టాగ్ లెక్కలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఎన్ని బండ్లకి ఎన్ని మరణాలో తేలుతుంది. అప్పుడు రాత్రి గస్తీ ఏ గంటకి పెట్టాలో, లారీలు ఆగే స్థలాలు ఏ కిలోమీటరు రాయి దగ్గర కట్టాలో ఊహించుకోనక్కర్లేదు. మూడేళ్లలో ఐదు పెద్ద ప్రమాదాలో పది మరణాలో జరిగితే తప్ప అర కిలోమీటరు రోడ్డుని బ్లాక్ స్పాట్ అనకూడదన్న ప్రస్తుత నిర్వచనం కోసం ఆ పది మంది పోయేదాకా ఎదురుచూసే అవసరమూ తగ్గుతుంది.

ప్రభుత్వాలు ఇవన్నీ చేసేలోపు ఈ ఏడాది పండగ వచ్చేస్తుంది. ఊరెళ్లేవాళ్లకి ఒక మనవి. ఆఫీసు నుంచి వచ్చిన రాత్రే స్టీరింగ్ పట్టకండి. పడుకుని లేచి, వెలుగొచ్చాక బయలుదేరండి, కొన్ని గంటలు ఆలస్యమైతే భోగిమంటకి అందకపోవచ్చు, అంతే. జామ్‌లో పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోకండి. నగరం నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో రెండు హెల్మెట్లు కూడా వేసుకురండి, ఊళ్లో బావ బండి మీద వాటి అవసరం పడుతుంది.